ఎనిమా ఎందుకు ఇస్తారు, ఎవరికి ఇవ్వకూడదు

మంచాన పడ్డ పెద్దవాళ్లకి నాలుగైదు రోజులు విరేచనం కాకుండా ఉండి, ఉన్నట్టుండి రోజుకి ఐదారు సార్లు నీళ్లలాగా కొంచెం కొంచెంగా పోవడం మొదలైతే ఇంట్లో వాళ్లు ఏమనుకుంటారు? విరేచనాలు పట్టుకున్నాయనుకుంటారు. మందుల షాపుకి పరిగెత్తి విరేచనాలు కట్టే మాత్ర తెస్తారు. కానీ లోపల జరుగుతున్నది దానికి పూర్తిగా వ్యతిరేకం కావచ్చు. పెద్ద పేగు చివర, మలం బయటికి వచ్చే ముందు ఆగే పురీషనాళంలో, మలం బాగా గట్టిపడి అడ్డంగా కూర్చుంటుంది, దాని వెనకాల పేరుకున్న పలచటి మలం ఆ ముద్ద పక్కల నుంచి కారుతూ ఉంటుంది. అంటే పైకి విరేచనాల్లా కనిపిస్తున్నది అసలు మలబద్ధకమే. అలాంటప్పుడు కట్టే మాత్ర వేస్తే ఆ అడ్డు ఇంకా బిగుసుకుపోతుంది. డాక్టర్ గ్లవ్స్ వేసుకుని వేలితో పరీక్ష చేస్తే నిమిషంలో తేలిపోయే సంగతి ఇది. ఆ ముద్దని మెత్తబరిచి బయటికి తీయడానికి నోటి మందులు మాత్రమే చాలా సందర్భాల్లో సరిపోవు, కింది నుంచి సాయం కావాలి. ఆ సాయం పేరే ఎనిమా.

ఇలాంటి పరిస్థితిలో డాక్టరో నర్సో "ఎనిమా ఇద్దామండీ" అంటే "అయ్యో, పెద్దాయనకి అదెందుకు, సిగ్గుపడతారు, ఇంకో సిరప్ రాయండి" అని వద్దనే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మరోపక్క ఏ జబ్బూ లేకుండానే, కడుపులో మలినాలు పోవాలని, రోజూ పొద్దున్నే ఎనిమా డబ్బా గోడకి తగిలించుకునేవాళ్లూ ఉన్నారు. కావలసిన చోట వద్దనడం, అక్కర్లేని చోట అలవాటు చేసుకోవడం, ఈ రెండూ ఒకే అయోమయం నుంచి వస్తున్నాయని నా అభిప్రాయం. ఎనిమా ఏం చేయగలదో, ఏం చేయలేదో మనకి ఎవరూ నింపాదిగా చెప్పలేదు.

మలద్వారం గుండా ఒక సన్నని మెత్తటి గొట్టంతో పురీషనాళంలోకి ద్రవాన్ని పంపించడమే ఎనిమా, అంతే. ఆ ద్రవం లోపల చేసే పని దాన్ని బట్టి మారుతుంది. అర లీటరు, లీటరు దాకా గోరువెచ్చని నీళ్లు పంపితే పేగు గోడ సాగుతుంది, సాగగానే పేగు ముడుచుకుని లోపలున్నది బయటికి నెడుతుంది. ఉప్పునీటి ఎనిమా అంటే సెలైన్, లీటరుకి 9 గ్రాముల ఉప్పు చొప్పున, మన రక్తంలో ఉండే ఉప్పదనానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పేగు గోడ గుండా నీరు అటూ ఇటూ పెద్దగా కదలదు, ఉన్నవాటిలో ఇదే నెమ్మదైనది. మందుల షాపులో 100 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాలో దొరికే ఫాస్ఫేట్ ఎనిమా పని తీరు వేరు. అందులో లవణాలు చాలా చిక్కగా ఉంటాయి, అవి ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతాయి, ఆ నీటితో మలం మెత్తబడి చాలావరకు పావుగంట లోపే విరేచనం అవుతుంది. గ్లిజరిన్, నూనె ఎనిమాలు జారుడు కోసం. నూనె అయితే వెంటనే వదిలేయకుండా కాసేపు లోపల ఆపుకోవాలి. ఒకప్పుడు మన ఆసుపత్రుల్లో మామూలుగా వాడిన సబ్బు నీళ్ల ఎనిమా కూడా పనిచేస్తుంది, కానీ సబ్బు పేగు లోపలి పొరని మండించి పని చేయిస్తుంది, చిక్కగా కలిపితే ఆ పొర వాచి పుండ్లు పడుతుంది, అందుకే ఇప్పుడు దాన్ని తగ్గిస్తూ వస్తున్నారు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పెద్ద పేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటర్లు. చిన్న సీసా ఎనిమా చేరేది పురీషనాళం, దాని పైన ఎడమ పక్కన ఉండే కొద్ది భాగం వరకే. లీటరు నీళ్లు పంపితే ఇంకొంచెం పైకి వెళ్తుంది. చిన్న పేగు, జీర్ణాశయం, కాలేయం వీటి దరిదాపులకి కూడా పోదు. ఎనిమాతో "మొత్తం కడుపు" శుభ్రమవుతుందన్న మాట ఈ ఒక్క లెక్కతోనే నిలబడదు. కొలనోస్కోపీ చేయించుకునేవాళ్లకి ఎనిమాతో సరిపెట్టకుండా ముందు రోజు సాయంత్రం నుంచి పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగమంటారు కదా, కారణం ఇదే. ఆ పరీక్షలో కెమెరా పెద్ద పేగు మొదలు దాకా వెళ్లాలి, అక్కడి దాకా శుభ్రం కావాలంటే పైనుంచి తాగిన ద్రవమే పని చేయాలి. ఆ నీళ్లు తాగడం కష్టమని సగం తాగి వదిలేసి "పొద్దున ఎనిమా ఇచ్చేయండి సార్" అంటే కుదరదు, పేగు సరిగ్గా కనిపించక గడ్డలు తప్పిపోవచ్చు, పరీక్ష మళ్లీ చేయాల్సి రావచ్చు. పురీషనాళం, దాని పై భాగం మాత్రమే చూసే సిగ్మాయిడోస్కోపీకి మాత్రం ఎనిమా చాలు.

ఇంతకీ ఎనిమా అంటే విరేచనం చేయించడమే అనుకోవడం కూడా పొరపాటు. మందుని సరిగ్గా కావలసిన చోటికి చేర్చే దారి కూడా అది. అల్సరేటివ్ కొలైటిస్ అని పెద్ద పేగులో పుండ్లు పడి రక్తం, జిగురు పడే జబ్బు ఉంది, అది పేగు ఎడమ భాగానికే పరిమితమైతే పేగు వాపు తగ్గించే మెసలమైన్ అనే మందుని ఎనిమాగా రాత్రి పడుకునే ముందు తీసుకోమంటారు. అక్కడ బాత్రూమ్‌కి పరిగెత్తడం కాదు, తెల్లారే దాకా లోపల ఆపుకోవడమే చికిత్స, మందు పుండు మీదే పని చేస్తుంది. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లలో అమోనియా లాంటి పదార్థాలు రక్తంలో పెరిగి మనిషి మత్తుగా, అయోమయంగా అయిపోతాడు, ఒక్కోసారి స్పృహ తప్పుతాడు. ఆ స్థితిలో అమోనియాని తగ్గించే లాక్టులోజ్ అనే విరేచన సిరప్‌ని నోటి ద్వారా ఇస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి 300 మిల్లీలీటర్ల లాక్టులోజ్‌ని 700 మిల్లీలీటర్ల నీటిలో కలిపి ఎనిమాగా ఇచ్చి అరగంట నుంచి గంట దాకా లోపల ఉంచుతారు. ఐసీయూలో మా మనిషికి స్పృహ లేదు, ఇప్పుడు ఎనిమా ఏంటండీ అని అడిగే బంధువులకి ఈ సంగతి తెలిస్తే ఎంతో టెన్షన్ తగ్గుతుంది.

చంటిపిల్లల విషయంలో అయితే ఎనిమా ఆపరేషన్‌నే తప్పించిన సందర్భాలు ఉన్నాయి. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఒక అత్యవసర సమస్య, పేగులో ఒక భాగం పక్కనున్న భాగంలోకి దూరిపోవడం. అప్పటిదాకా ఆడుకుంటున్న బిడ్డ ఉన్నట్టుండి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని గుక్కపెట్టి ఏడుస్తుంది, కాసేపు మామూలుగా ఉంటుంది, మళ్లీ అదే ఏడుపు, వాంతులు, ఆలస్యమైతే జిగురుతో కలిసిన ఎర్రటి విరేచనం. ఆలస్యం చేస్తే ఆ ఇరుక్కున్న పేగుకి రక్తం అందక కుళ్లిపోతుంది. ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్‌తో గానీ ఎక్స్‌రే తెర మీద గానీ చూస్తూ మలద్వారం నుంచి గాలినో సెలైన్‌నో కొలిచిన ఒత్తిడితో పంపిస్తారు, ఆ ఒత్తిడికి దూరిన పేగు వెనక్కి జారి తన చోటికి వస్తుంది. ఎక్కువ మంది పిల్లల్లో ఇంతటితో సరిపోతుంది, కత్తి పెట్టే పని ఉండదు. దీన్ని ఇంట్లో ఎనిమాతో ఎవరూ ప్రయత్నించకూడదని వేరే చెప్పక్కర్లేదు, రేడియాలజిస్టు, పక్కనే సర్జన్ ఉండాల్సిన పని ఇది.

వెన్నుపాముకి దెబ్బ తగిలినవాళ్ల గురించి మన దగ్గర ఇంకా తక్కువ మాట్లాడుకుంటారు. ప్రమాదంలో నడుము విరిగిన కుర్రాడికి కాళ్లు పోయాయన్న సంగతే అందరికీ కనిపిస్తుంది. మలమూత్రాల మీద అదుపు పోయిందన్నది ఇంట్లో వాళ్లకే తెలుసు, వాళ్లూ బయటికి చెప్పుకోరు. ఇలాంటివాళ్లకి రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ ఒకే సమయానికి నీళ్లతో పేగుని ఖాళీ చేసుకునే పద్ధతి నేర్పిస్తారు, దానికి ప్రత్యేకమైన పరికరాలు ఉన్నాయి. ఒకసారి అలవాటైతే మిగతా రోజంతా బట్టలు పాడవుతాయన్న భయం లేకుండా బయటికి వెళ్లొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. పుట్టుకతోనే పేగు చివర నరాల కణాలు లేని హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు ఉన్న పసిపిల్లల్లోనూ ఆపరేషన్ అయ్యే దాకా సెలైన్‌తో పేగు కడగడం అమ్మానాన్నలకి నేర్పిస్తారు. ఇలాంటి అవసరం ఉన్నవాళ్లకి ఇది జీవితాన్ని తిరిగి చేతికిచ్చే పని. వాళ్లని చూసి ముక్కు మూసుకునే లోకం మారాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

ఇక అవసరం లేకుండా ఇచ్చిన ఎనిమాల సంగతి. మన అమ్మల తరంలో ఆసుపత్రిలో కాన్పుకి వెళ్లిన చాలామందికి నొప్పులు మొదలవగానే సబ్బు నీళ్ల ఎనిమా ఇవ్వడం మామూలు తంతు. కాన్పు త్వరగా అవుతుందని, బిడ్డకి ఇన్‌ఫెక్షన్ రాదని అప్పటి నమ్మకం. తర్వాత జరిగిన పరీక్షల్లో ఇన్‌ఫెక్షన్లు తగ్గినట్టు గానీ, మొత్తం మీద తల్లికీ బిడ్డకీ మేలు జరిగినట్టు గానీ తేలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో విడుదల చేసిన ప్రసవ సంరక్షణ సూచనల్లో కాన్పు వేగం కోసం ఎనిమా ఇవ్వొద్దనే చెప్పింది. నొప్పులతో అల్లాడుతున్న మనిషికి మీద నుంచి ఈ ఇబ్బంది కూడా ఎందుకు? ఎక్కడైనా ఇంకా ఇది రివాజుగా జరుగుతుంటే "ఎందుకు ఇస్తున్నారు" అని అడిగే హక్కు ఆ తల్లికి ఉంది.

పసిపిల్లల విషయంలో ఇంట్లో జరిగేది మరీ బాధ కలిగిస్తుంది. బిడ్డ రెండు రోజులు విరేచనం చేయకపోతే తమలపాకు కాడని ఆముదంలో ముంచి పెట్టడం, సబ్బు ముక్క సన్నగా చెక్కి పెట్టడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు, అందులో సందేహం లేదు. కానీ తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ, మొదటి కొన్ని వారాలు దాటాక, మూడు నాలుగు రోజులు, కొందరైతే వారం దాకా విరేచనం చేయకపోయినా, చేసినప్పుడు మెత్తగా వస్తుంటే, పాలు బాగా తాగుతూ బరువు పెరుగుతుంటే అది జబ్బే కాదు. కాడ గుచ్చుకుంటే ఆ పల్చటి పొర చీరుకుంటుంది, సబ్బు మండుతుంది. నిజంగా ఆందోళన పడాల్సింది పుట్టిన తర్వాత 48 గంటలు దాటినా మొదటి నల్లటి విరేచనం రాకపోతే, పొట్ట ఉబ్బితే, ఆకుపచ్చ వాంతులైతే. అప్పుడు కాడలూ సబ్బులూ కాదు, వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి పోవాలి.

రోజూ ఎనిమా పెట్టుకునే అలవాటుకి మూలం ఎక్కడుందో చూద్దాం. ఆయుర్వేద పంచకర్మల్లో వస్తి ఒకటి, చరక సంహిత దాన్ని మొత్తం చికిత్సలో సగం అనేంత గొప్పగా చెప్పింది. కషాయంతో ఇచ్చే నిరూహ వస్తి, నూనెతో ఇచ్చే అనువాసన వస్తి అని రెండు ముఖ్యమైన రకాలు. కానీ అదే గ్రంథం ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ముందు ఏం చేయాలి, తర్వాత ఏం తినాలి అని పేజీల కొద్దీ నియమాలు పెట్టింది, ప్రతి ఒక్కరూ పొద్దున్నే చేసుకోమని చెప్పలేదు. ఇప్పుడు మనం చూసే డబ్బా ఎనిమా ఎక్కువగా ప్రకృతి చికిత్స దారిలో వచ్చింది. జర్మన్ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే రాతలు 1894లోనే తెలుగులోకి వచ్చాయి. గాంధీగారు వాటి ప్రభావంలో పడ్డారు, ఎనిమాని తాను వాడటమే కాక ఆశ్రమంలో ఇతరులకీ చెప్పేవారు, 1946లో పుణె దగ్గర ఉరుళికాంచన్‌లో ప్రకృతి చికిత్స కేంద్రం కూడా మొదలుపెట్టించారు. ఉపవాసం, మితాహారం, నడక ఇవన్నీ ఆ పద్ధతిలో ఉన్న మంచి, వాటిని కాదనే ఉద్దేశం నాకు లేదు.

అయితే "పేగులో మలం నిలవ ఉంటే అందులోని విషాలు రక్తంలోకి చేరి ఒళ్లంతా పాడు చేస్తాయి" అన్న సిద్ధాంతం ఉంది చూశారూ, అది మాత్రం వంద ఏళ్ల కిందటే పరీక్షకి నిలవలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యూరప్, అమెరికా డాక్టర్లలో పెద్ద పెద్దవాళ్లే దాన్ని నమ్మారు. లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అనే సర్జన్ మలబద్ధకం ఉన్నవాళ్లకి ఏకంగా పెద్ద పేగునే తీసేసేవాడు. 1919లో అమెరికా వైద్యుడు వాల్టర్ అల్వారెజ్ ఒక సూటి ప్రశ్న వేశాడు: మలబద్ధకంతో వచ్చే తలనొప్పి, నీరసం, చికాకు విషాల వల్లే అయితే విరేచనం కాగానే అవి వెంటనే ఎలా పోతున్నాయి, రక్తంలో చేరిన విషం అంత త్వరగా పోదు కదా. 1922లో డొనాల్డ్‌సన్ అనే మరో పరిశోధకుడు ఆరోగ్యంగా ఉన్న మనుషుల పురీషనాళంలో దూది కూరి చూస్తే వాళ్లకీ అవే తలనొప్పి, నీరసం వచ్చాయి, దూది తీయగానే తగ్గాయి. దూదిలో విషం ఏముంది? పురీషనాళం నిండి సాగడమే ఆ లక్షణాలకి కారణం. ఎనిమా తర్వాత ఒళ్లు తేలికైనట్టు అనిపించడం నిజమే, ఆ అనుభవాన్ని నేను కొట్టిపారేయను, కానీ అది విషాలు పోయినందుకు కాదు. రక్తంలోని వ్యర్థాల పని చూసుకునేది కాలేయం, మూత్రపిండాలు.

ఈ డిటాక్స్ మోజు ఎక్కడిదాకా పోగలదో చెప్పే ఉదాహరణలు ఉన్నాయి. అమెరికాలోని కొలరాడోలో ఒక క్లినిక్‌లో యంత్రంతో పెద్ద పేగు కడిగించుకున్నవాళ్లకి 1978 నుంచి 1980 మధ్య, సరిగ్గా శుభ్రం చేయని ఆ యంత్రం ద్వారా అమీబా అంటుకుంది. కనీసం 36 మందికి జబ్బు వచ్చింది, 10 మందికి పెద్ద పేగు తీసేయాల్సి వచ్చింది, ఆరుగురు చనిపోయారు. వాళ్లలో చాలామంది ఆరోగ్యం బాగుపడుతుందనే కదా అక్కడికి వెళ్లింది! మాక్స్ గెర్సన్ అనే వైద్యుడి పేరుతో ప్రచారమైన కాఫీ ఎనిమా కేన్సర్‌ని తగ్గిస్తుందన్న వీడియోలు తెలుగులోనూ తిరుగుతున్నాయి. కేన్సర్ తగ్గిందనడానికి ఆధారం లేదు, పేగు కాలిన కేసులు ఉన్నాయి, పదే పదే కాఫీ ఎనిమాలు చేసుకుని ఒంట్లో లవణాలు పడిపోయి ఇద్దరు చనిపోయిన సంగతి 1980లో అమెరికా వైద్య పత్రికలోనే అచ్చయింది. కేన్సర్ ఉన్న మనిషి కీమో మానేసి దీన్ని పట్టుకుంటే పోయేది విలువైన సమయం. మీ ఇంట్లో ఎవరైనా ఆ ఆలోచనలో ఉంటే దయచేసి కూర్చుని మాట్లాడండి.

మామూలు నీళ్లే కదా, ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఈ సంగతి వినాలి. ఉప్పు లేని నీళ్లు పేగు గోడ గుండా రక్తంలోకి ఇంకుతాయి. ఒకసారికి ఏమీ కాకపోవచ్చు. "నీళ్లు తెల్లగా వచ్చేదాకా" అంటూ మళ్లీ మళ్లీ ఎక్కిస్తే రక్తంలో సోడియం పడిపోయి తల తిరగడం, వాంతులు, ఫిట్స్ దాకా పోవచ్చు, పిల్లల్లో, గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో ఇంకా త్వరగా. ఫాస్ఫేట్ సీసాది మరో రకం ప్రమాదం. 2014 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది: 24 గంటల్లో ఒకటి కన్నా ఎక్కువ వాడితే కిడ్నీలకీ గుండెకీ తీవ్ర హాని, మరణం కూడా జరగొచ్చని. రెండేళ్ల లోపు పిల్లలకి అసలు ఇవ్వకూడదు. 55 దాటినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఒంట్లో నీరు తగ్గి ఉన్నవాళ్లు, బీపీకి కొన్ని రకాల మాత్రలు, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు, నొప్పి మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు. మన ఇళ్లలో మలబద్ధకంతో బాధపడే పెద్దవాళ్లలో ఎంతమంది ఈ జాబితాలో లేరో ఆలోచించండి. అందుకే మొదటి సీసా పనిచేయలేదని గంటలోనే రెండో సీసా ఎక్కించడం చాలా ప్రమాదం. అరగంటలో విరేచనం కాకపోతే, ఆ ద్రవం లోపలే ఉండిపోతే ఫోన్ చేయాల్సింది డాక్టర్‌కి.

కడుపు నొప్పి ఉండి కారణం తెలియనప్పుడు ఎనిమా జోలికి పోకూడదు. అపెండిసైటిస్ అయితే వాచిన అపెండిక్స్ పగలొచ్చు. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే అది పేగు మూసుకుపోయిన లక్షణం కావచ్చు. మలంలో రక్తం పడుతున్నా, ఈమధ్యే పేగుకో మలద్వారానికో ఆపరేషన్ అయినా, కీమో వల్ల తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నా ఇంట్లో చేయొద్దు. గర్భిణులు డాక్టర్ చెబితే తప్ప చేసుకోకూడదు.

డాక్టర్ చెప్పాక ఇంట్లో ఇవ్వాల్సి వస్తే, మనిషిని ఎడమ పక్కకి తిప్పి, కుడి మోకాలు కడుపు వైపు మడిచి పడుకోబెట్టాలి. పెద్ద పేగు చివరి భాగం ఎడమ పక్కకే ఉంటుంది కాబట్టి ద్రవం తేలిగ్గా దిగుతుంది. నీళ్లు మోచేతి మీద పోసుకుంటే గోరువెచ్చగా ఉండాలి, వేడి నీళ్లతో పేగు కాలిన కేసులు ఉన్నాయి. గొట్టం కొసకి జెల్లీ రాసి, బొడ్డు వైపు చూపిస్తూ మెల్లగా, పెద్దవాళ్లకైతే మూడు నాలుగు అంగుళాలకి మించకుండా పెట్టాలి, అడ్డు తగిలితే ఆపేయాలి, బలవంతంగా నెట్టకూడదు. పెద్ద వయసులో ఆ గోడ పల్చబడి ఉంటుంది, చిల్లు పడితే ప్రాణం మీదికి వస్తుంది. డబ్బాని మంచం కన్నా అడుగు, అడుగున్నర ఎత్తులో ఉంచితే చాలు, మరీ ఎత్తులో కడితే ఒత్తిడి పెరిగి పట్టేసినట్టు నొప్పి వస్తుంది. కొందరికి మధ్యలో చెమటలు పట్టి, నాడి నెమ్మదించి కళ్లు తిరుగుతాయి, వెంటనే ఆపి అలాగే పడుకోబెట్టాలి. పెద్దవాళ్లని తర్వాత ఒంటరిగా బాత్రూమ్‌కి పంపొద్దు. అన్నిటికన్నా ముందు తలుపు వేయండి, దుప్పటి కప్పండి, ఏం చేయబోతున్నారో వాళ్లకి చెప్పి చేయండి, మాట్లాడలేని స్థితిలో ఉన్నా సరే. ఆ మర్యాద దక్కితే చాలామంది రెండోసారి వద్దనరు.

ఇంత చేశాక కూడా వారానికో పది రోజులకో మళ్లీ ఎనిమా అవసరపడుతుంటే అడగాల్సింది ఇంకో సీసా కాదు, అసలు ఎందుకు గట్టిపడుతోందని. ఐరన్ మాత్రలు, కాల్షియం, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, కొన్ని మానసిక సమస్యల మందులు, కొన్ని బీపీ మందులు మలబద్ధకం తెస్తాయి. థైరాయిడ్ తగ్గినా, షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నా, పార్కిన్సన్స్ ఉన్నా ఇదే సమస్య. బాత్రూమ్‌కి మాటిమాటికి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించుకున్న పెద్దవాళ్లూ ఉంటారు, అడిగితే తప్ప చెప్పరు. నలభై అయిదు దాటాక కొత్తగా మలబద్ధకం మొదలై, బరువు తగ్గుతూ, రక్తం పడుతూ ఉంటే కొలనోస్కోపీ గురించి అడగండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని పట్టుకెళ్లండి, చివరిసారి మామూలుగా విరేచనం ఎప్పుడైందో, ఎన్నిసార్లు ఎనిమా ఇచ్చారో, ఏ రకందో చీటీ మీద రాసి ఇవ్వండి.